తాలు గది

ఖమ్మం మిర్చి మార్కెట్ వెనక గోదాముల వీధిలో మాది నాలుగో షెడ్డు. మాది అంటే నాది కాదు, జానీ మియా సేఠ్‌ది. నేను అందులో ఇరవై ఆరేళ్లు గుమస్తాగా పనిచేశాను. ఏడో తరగతితో బడి మానినవాడికి అది పెద్ద ఉద్యోగమే. బూర్గంపాడు, పినపాక వైపు గోదావరి ఒడ్డున పండిన మిర్చి లారీల మీద అడవి దాటి వచ్చి మా షెడ్డులో దిగేది. తర్వాత ఊరి బయట కోల్డ్ స్టోరేజీలు వచ్చాయి. షెడ్డు ఖాళీ అయింది. సేఠ్ పోయాడు. ఆయన కొడుకు ఖాలిద్ హైదరాబాదులో చదువుకుని వచ్చి, దాన్ని పడగొట్టకుండా నాలుగు ఇళ్లుగా మార్చాడు.

వాటిని లాఫ్ట్ ఇళ్లు అంటారట. ఎత్తయిన రేకుల కప్పు కింద సగం దూరం చెక్కతో ఒక అటక వేసి, దానికి ఇనుప మెట్లు పెడతారు. మా ఇళ్లల్లో అటక మీద పాత గంగాళాలు, చిరిగిన బొంతలు పడేస్తాం. ఇక్కడ దాని మీద మంచం వేసుకుని పడుకుంటారు. గోడలకు సిమెంటు పూయరు, ఇటుకలు కనబడాలి. బస్తాలు తూచిన పెద్ద కాటాకు నల్లరంగు వేసి హాల్లో వేలాడదీశారు. హమాలీల కొక్కేలకు అద్దాలు తగిలించారు. చూడడానికి వచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఆ కొక్కెం జారి వేళ్లు పోగొట్టుకున్న మనుషులు నాకు తెలుసు. అతని ఆస్తి, అతని ఇష్టం.

ఖాలిద్ వల్ల కానిది ఒక్కటే. ఘాటు. మూడుసార్లు గోడలు కడిగించాడు. నేల తవ్వించి కొత్త మట్టి పోయించాడు. అయినా వాన పడితే ఇటుకల్లోంచి మిర్చి ఘాటు బయటికి వచ్చేది. ముక్కులో మొదలై గొంతులో దిగి అక్కడే కూర్చునేది.

"మామా, ఇల్లు చూసెటందుకు వచ్చినోళ్లు దగ్గుకుంట పోతున్నరు. ఏం చెయ్యాలె?" అన్నాడు ఒకరోజు.

"ఆగాలె బాబూ. గోడ కూడ మనిషి లెక్కనే. ముప్పై ఏండ్లు తిన్నది అరగొద్దా?"

అతను నవ్వాడు. చివరి ఇల్లు, నాలుగో నంబరు, మాకిచ్చాడు. "కిరాయి వద్దు. తాళాలు చూస్కోండి, చాలు. మిమ్మల్ని నమ్మినట్టు అబ్బాజాన్ ఎవ్వరినీ నమ్మలే."

అది నిజమే. నేను తెల్లవారకముందే లేస్తాను. చన్నీళ్ల స్నానం చేస్తాను. టీ, బీడీ, కల్లు ఏదీ ముట్టను. చెప్పిన సమయానికి చెప్పిన పని చేస్తాను. ఒకరి దగ్గర వక్కపలుకు ఆశించలేదు, నా చేతి కింద పనిచేసినవాళ్లను ఆశించనివ్వలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

మా పక్క ఇల్లు, మూడో నంబరు, అమ్ముడుపోలేదు. తాళం నా మొలతాడుకే ఉండేది. ఆ ఇంట్లో కింది పడకగది ఒకప్పటి తాలు గది. రంగు పోయి తెల్లబడిన మిరపకాయను తాలు అంటారు. ఏరి పక్కన పడేసే కాయ. పడేసేదానికి గాలి ఎందుకని గది కట్టినవాళ్లు కిటికీ పెట్టలేదు. ఖాలిద్ ఇప్పుడు దానికి కిటికీ పెట్టించి, లేత నీలంరంగు వేయించాడు. ఆ గదికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ.

జూన్‌లో మా మనవరాలు హర్షిత వచ్చింది. మా కొడుకు వాసు మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, కాపురం పినపాకలో. కోడలికి నెలలు నిండుతున్నాయి. పిల్లను కొన్నాళ్లు మా దగ్గర ఉంచి ఇక్కడి బడిలో వేశారు. ఆరేళ్లది. ఇనుప మెట్లు రోజుకు నూరుసార్లు ఎక్కి దిగేది. "తాతా, మన ఇంట్ల ఇంకో ఇల్లుంది" అని అటక మీది నుంచి అరిచేది. నాకు నవ్వడం చేతకాదు. ఆ పిల్లను చూస్తే మాత్రం వచ్చేది.

పది రోజులకు జ్వరం పట్టుకుంది. తర్వాత దగ్గు. డాక్టరు సిరప్ ఇచ్చాడు, మాత్రలు ఇచ్చాడు, రక్తం చూశాడు, ఏమీ లేదన్నాడు. పిల్ల చిక్కిపోయింది. మెట్ల వైపు చూడడం మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం చూస్తే మంచం మీద పడుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది. మా ఆవిడ గురవమ్మ తుండుగుడ్డను తన ముక్కుకీ నోటికీ బిగించి, మెడ వెనక ముడి వేసుకుంది. మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఆడవాళ్లు కట్టుకునే ముడి అది. చివర రెండు కొసలూ లోపలికి దోపుతారు, దుమ్ము పోకుండా.

గురవమ్మ లేపి అడిగింది. "గిట్ల కట్టుడు ఎవరు నేర్పిన్రే నీకు?"

"గిట్ల కట్టుకుంటే మంట తక్కువుంటది నానమ్మా" అంది పిల్ల, కళ్లు తెరవకుండానే.

ఎవరు నేర్పారో చెప్పలేదు.

ఆ ఆదివారం ఉదయం నుంచి ముసురు. గురవమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"దిష్టి తీస్త."

"మిరపకాయలు నిప్పులల్ల ఏస్తే జరం పోతదా? మరి డాక్టర్లు ఎందుకు, దవాఖానలు ఎందుకు?"

"డాక్టరుకు ఇరవై దినాలు ఇచ్చినవు. నాకు పది నిమిషాలు ఇయ్యి. కావల్నంటే నీ గడియారం పట్టుకొని కూసో. నీకు గదే కదా రామజపం."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని ఆమెకు నలభై ఏళ్లుగా తెలుసు.

సందెవేళ ఇనుప మూకుడు పట్టుకుని వీధి చివర లాల్‌సింగ్ ఇస్త్రీ బండి దగ్గరికి నిప్పుల కోసం పోయింది. అతని గొంతు గుమ్మం దాకా వినబడింది. "ఏందక్కా, మూర్తి సారుకు ఇస్త్రీ చేస్తవా?"

"ఆయనకు ఇస్త్రీ ఎందుకు తమ్మీ? పుట్టినకాడి నుంచి మడతపడలే."

ఇద్దరూ నవ్వారు. ఆ వీధిలో నేను విన్న చివరి నవ్వు అదే.

ఆమె వచ్చేసరికి కరెంటు పోయింది. గురవమ్మ పిల్లను తూర్పు ముఖంగా పీట మీద కూర్చోబెట్టింది. ఎండుమిరపకాయలు, ఉప్పు పిడికిట్లో పట్టుకుని పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పింది. వాన రేకుల మీద ఒకే తీరుగా పడుతోంది. తడిసిన ఇటుకల వాసన. నిప్పుల వెలుతురు తప్ప ఇంకేమీ లేదు.

పిడికిలి తెరిచింది. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు ఉబ్బి, నల్లబడి, పొగ లేచింది.

మేం ముక్కులు మూసుకుని ఆగాం.

ఘాటు రాలేదు.

తెలుగు ఇళ్లల్లో పుట్టిన ఎవరికైనా దాని అర్థం చెప్పనక్కర్లేదు. ఘాటు వస్తే ఏమీ లేనట్టు. రాకపోతే... ఉన్నట్టు. నేను ఎన్నడూ నమ్మలేదు. కాయలు పాతవై ఉంటాయని అన్నాను.

"మొన్ననే తెచ్చిన" అని గుసగుసగా అంది గురవమ్మ.

ఇంకో గుప్పెడు వేసింది. పొగ చిక్కగా లేచింది. వాసన లేదు. కాగితం కాల్చినంత వాసన కూడా లేదు. నాకు కోపం వచ్చింది. డబ్బా తీసుకుని ఉన్న కాయలన్నీ నేనే మూకుట్లో కుమ్మరించాను. కిలోకు తక్కువ ఉండవు. అంత మిర్చి కాలితే వీధి వీధంతా పరుగెత్తాలి. మేం ముగ్గురం పక్కనే కూర్చుని మామూలుగా గాలి పీల్చుకుంటున్నాం.

అప్పుడు చూశాను. పొగ పైకి పోవడం లేదు. నేల మీద పాకుతూ గోడ వైపు పోతోంది. ఇటుకల సందుల దగ్గరికి పోయి... లోపలికి దూరుతోంది. ఎవరో అటు వైపు నుంచి నోరు పెట్టి పీలుస్తున్నట్టు.

గోడ అవతల దగ్గు మొదలైంది.

"ఏమయ్యా... ఆ ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవరూ లేరు."

"తాళం?"

మొలతాడు తడిమాను. తాళంచెవి ఉంది.

రెండు పొడిదగ్గులు. ఆగడం. ఒక లోతైన దగ్గు. చివర ఈల లాంటి ఊపిరి. మళ్లీ రెండు పొడిదగ్గులు.

ఆ దగ్గు నాకు తెలుసు.

పదిహేడేళ్ల కిందటి మాట. కారేపల్లి దగ్గరి తండా నుంచి ద్వాలి అనే ఆడమనిషి మా షెడ్డుకు ముచ్చికలు తీసే పనికి వచ్చేది. నా లెక్కలో పదకొండేళ్లు వచ్చింది. మంచి పనిమనిషి. దగ్గు ఉండేది. మా షెడ్డులో దగ్గు లేనివాళ్లు ఎవరు? అందరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా దగ్గుతూనే పనిచేసేవాళ్లు. కొన్నాళ్లకు అది చెవికి వినబడడం మానేస్తుంది.

ఒక రోజు పని దిగేటప్పుడు తలుపు దగ్గర నేను తనిఖీ చేస్తుంటే ఆమె కొంగుముడిలో మిరపకాయలు దొరికాయి. తొమ్మిది కాయలు.

"పిల్లకు జరం సారూ. దిష్టి తీసెటందుకు. అడుగుదామనుకున్న... నువ్వు ఇయ్యవని అడగలే" అంది.

అడిగితే నేను ఇచ్చేవాడిని కాదు. ఆ మాట నిజమే. కాయ ఒకటైనా తొమ్మిదైనా దొంగతనం దొంగతనమే అని నా నియమం. తప్పు చేసినవాళ్లు పోలీసుల చేతిలో పడేకన్నా, పని పోగొట్టుకునేకన్నా, తాలు గదిలో ఒక గంట కూర్చుని సిగ్గుపడితే మంచిదని ఆ శిక్ష నేనే పెట్టాను. అది దయ అనుకునేవాడిని. ఆ రోజు పొద్దున్నే ఆ గదిలో నలభై బస్తాల తాలు కుమ్మరించి ఉన్నారు. దుమ్ము ఇంకా దిగలేదు. నాకు తెలుసు. అయినా నియమం నియమమే.

తలుపు వేశాను. దగ్గింది. నాటకం అనుకున్నాను. చాలాసేపు దగ్గింది. తలుపు కొట్టింది. "సారూ, గంట అయిందా?" అని రెండుసార్లు అడిగింది. "కాలే" అన్నాను. తర్వాత దగ్గు ఆగింది. బుద్ధి వచ్చిందని సంతోషించాను. సరిగ్గా గంటకు, ఒక్క నిమిషం ముందు గానీ వెనక గానీ కాకుండా, తలుపు తీశాను.

కొంగు ముక్కుకు కట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

ఎప్పటినుంచో ఊపిరితిత్తుల రోగం అన్నారు. తండావాళ్లు వచ్చి తీసుకుపోయారు. సేఠ్ చావు ఖర్చులు ఇచ్చాడు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని ఇన్నాళ్లూ నన్ను నేను నిలబెట్టుకున్నాను.

ఆమె పిల్లకు జ్వరం తగ్గిందో లేదో కనుక్కోలేదు.

ఇప్పుడు నా మనవరాలు పీట మీద కూర్చుని దగ్గుతోంది. గోడ అవతల దగ్గు ఆగినప్పుడు ఇవతల పిల్ల దగ్గుతోంది. పిల్ల ఆగినప్పుడు అవతల. ఇద్దరూ వంతులేసుకున్నట్టు. తర్వాత రెండూ కలిసిపోయాయి. ఏది ఎటునుంచి వస్తోందో తెలియలేదు. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి.

"దవాఖానకు పోదాం, లెయ్యి! ఆటో పిలువు!" అని గురవమ్మ పిల్లను ఎత్తుకుంది.

నేను టార్చి తీసుకున్నాను. "నువ్వు లాల్‌సింగును పిలిచి ఆటో తెమ్మను. నేను ఒక్క పని చేసి వస్త."

"గిప్పుడేం పనయ్యా నీకు?"

నలభై ఏళ్ల కాపురంలో ద్వాలి పేరు ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

మూడో నంబరు తాళం తీశాను. లోపల కొత్త రంగు వాసన, చెక్క వాసన. హాల్లో వేలాడే కాటా మీద టార్చి వెలుతురు పడి గోడ మీద పెద్ద నీడ కదిలింది. గాలి లేదు. అయినా కదిలింది. నేను దాని కింద నుంచి నడిచాను.

పడకగది తలుపు వేసి ఉంది. దానికి గడియ ఖాలిద్ లోపలి వైపు పెట్టించాడు, పడకగదులన్నిటికీ పెట్టినట్టే. నేను తోశాను. రాలేదు. చేత్తో తడిమాను. గడియ బయటి వైపు ఉంది. పాత ఇనుప గడియ. తుప్పు వేళ్లకు అంటింది. ఆ గడియను నేనెరుగుదును.

లోపల దగ్గు.

రెండు పొడివి. ఒకటి లోతైనది. ఈల.

నా చెయ్యి గడియ మీద ఉంది. కదలలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది... భయం వల్ల కాదు. అలవాటు వల్ల. నా కళ్లు నా చేతి గడియారం మీదికి పోయాయి.

దగ్గు ఆగింది.

తలుపు అవతల, చెక్కకు పెదాలు ఆనించి అడిగినంత దగ్గరగా...

"సారూ... గంట అయిందా?"

గొంతు మెత్తగా ఉంది. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. శిక్ష వేసినవాడి మీద ఇంకా నమ్మకం ఉన్న గొంతు.

వీధిలో గురవమ్మ అరుస్తోంది. "ఏమయ్యా! పిల్ల ఊపిరి పీలుస్తలేదు!"

"అయింది" అన్నాను. "ఎప్పుడో అయింది, ద్వాలీ. బయటికి రా. పిల్లను ఇడిసిపెట్టు."

గడియ లాగాను.

అంతసేపూ మా ఇంట్లో రాని ఘాటు మొత్తం ఆ గదిలో ఉంది. గోడలా వచ్చి మీద పడింది. కళ్లు మండిపోయాయి. మోకాళ్ల మీద పడ్డాను. ఊపిరి లోపలికి పోవడం లేదు, బయటికి రావడం లేదు. ఆమెకు ఎట్లా ఉండిందో అప్పుడు తెలిసింది. ఒక గంట. నేను ఒక్క నిమిషం ఉండలేకపోయాను.

నేల మీద చెయ్యి పెట్టి పాకుతుంటే, నా పక్కనుంచి ఏదో దాటి పోయింది. చీర అంచు మోచేతికి తగిలింది. ముతక అంచు, అద్దాలు కుట్టినది. అది తొందరపడలేదు. పని దిగి ఇంటికి పోయే మనిషి నడకలా, గుమ్మం వైపు పోయింది.

నేను బయటికి వచ్చేసరికి వాన తగ్గింది. గురవమ్మ ఒళ్లో పిల్ల పడుకుని ఉంది. పెదాలకు రంగు వచ్చింది. నుదురు చల్లగా ఉంది. దగ్గు లేదు. లాల్‌సింగ్ ఆటోతో వచ్చి, "ఏమైంది సారూ, కండ్లు గట్ల ఎర్రగున్నయి?" అన్నాడు. మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయాను.

పిల్ల లేచి అన్నం అడిగింది. ఇరవై రోజుల తర్వాత అడిగి తిన్నది. గురవమ్మ నా వైపు గెలిచినట్టు చూసింది. "సూసినవా? దిష్టే."

"అవ్" అన్నాను.

నేను తలుపు తీశాను, ఆమె పోయింది, అంతటితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడం ఇంత సులువా అని కూడా అనుకున్నాను. పొద్దున్నే మూడో నంబరుకు పోయి చూశాను. గడియ లోపలి వైపే ఉంది, కొత్తది, ఇత్తడిది. వారం తిరగకముందే ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఖాలిద్ చేతిలో పెట్టాను. అతను సంతోషంగా ఉన్నాడు.

"మామా, మూడో నంబరుకు మనిషి కుదిరిండు. ఏం చేసిన్రు మీరు? ఒక్కసారే ఘాటు మొత్తం పోయింది! ఇంత కూడ వాసన లేదు."

నేనేమీ చెయ్యలేదన్నాను. ఆ మాట చెబుతున్నప్పుడు మొదటిసారి నాకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్లు గోడలో ఉన్నది ఒక్క సాయంత్రంలో ఎక్కడికి పోతుంది?

పిల్లను తీసుకుని పినపాకలో వాసు దగ్గరికి పోయాం. అక్కడ పిల్ల బాగానే ఉంది. జ్వరం లేదు. దగ్గు అసలే లేదు. కానీ పరుగెత్తదు. నాలుగు అడుగులు నడిచి కూర్చుంటుంది. ఏడవదు, మారాం చెయ్యదు, ఏది పెడితే అది తింటుంది. "ఏంది నాన్నా, మీ దగ్గరుండి ముసల్దైపోయింది" అని వాసు నాతో నవ్వుతూనే అన్నాడు. రెండు నెలలు చూశాం. చివరికి బస్సెక్కి, బూర్గంపాడు దాటి, వంతెన మీద గోదావరి దాటి, భద్రాచలంలో దవాఖానకు తీసుకుపోయాం. నేను, వాసు, పిల్ల.

ఛాతీకి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, తలుపు దగ్గరికి పోయి ఎక్స్‌రే తీసినతన్ని పిలిచింది. "ఎవరిదో ఇచ్చినవు. పిల్లది తే."

"పిల్లదే మేడం."

"మళ్ల తియ్యి."

మళ్లీ తీశారు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద వేలు పెట్టి, రెండోదాని మీద అదే చోట వెతికింది.

"ఎముకలు పిల్లవే" అంది చివరికి, చాలా నెమ్మదిగా. "లోపలున్నవి పిల్లవి కావు. మిర్చి పని చేసే ఆడోళ్లవి గిట్ల ఉంటయి. నేను చానామందిని చూసిన. ఈ మచ్చలన్నీ దుమ్ము. ఒకటి రెండేండ్లది కూడ కాదు ఇది. ఎన్నేండ్లు పనిచేసింది ఈమె?"

"ఏం మాట్లాడుతున్నరు మేడం?" వాసు లేచి నిలబడ్డాడు. "దానికి ఆరేండ్లు!"

నేను ఆపుకుందామనుకున్నాను. నా నోరు నా మాట వినలేదు.

"పదకొండేండ్లు" అన్నాను.

వాసు నా వైపు తిరిగాడు. డాక్టరమ్మ కూడా తిరిగింది. హర్షిత తిరగలేదు. బల్ల మీద కాళ్లు వేలాడేసుకుని, కిటికీలోంచి రోడ్డు మీద పోయే లారీలను చూస్తోంది.

"పన్నెండు" అంది.